మెరైన్ జీపీఎస్ నావిగేటర్: పడవను మార్గం వెంట నడిపే విధానం

మెరైన్ జీపీఎస్ నావిగేటర్ అంటే ఉపగ్రహ సంకేతాలను అందుకుని పడవ ఉన్న చోటును, అది కదిలే దిశను, వేగాన్ని లెక్కగట్టే పరికరం. ముందుగా గీసుకున్న మార్గం నుంచి పడవ ఎంత పక్కకు తొలగిందో కూడా ఇది తెరపై చూపుతుంది. పడవను తిప్పే పని మాత్రం దీనిది కాదు. చుక్కాని మనిషి చేతిలోనో, దీనికి కలిపిన ఆటోపైలట్ చేతిలోనో ఉంటుంది. ఈ వ్యాసం పరికరం పుట్టుపూర్వోత్తరాలను, దాని లెక్కలను, తెలుగు తీరంలో దాని వాడకాన్ని వివరిస్తుంది. నౌకాయానంతో వికారాబాద్, తాండూరు ప్రాంతాలకు ఉన్న సంబంధాన్ని కూడా చెబుతుంది.

ఈ రెండు ఊళ్లకూ సముద్రం లేదు. వికారాబాద్ అక్షాంశం మీదుగా నేరుగా తూర్పుకు వెళితే సుమారు 500 కి.మీ. తర్వాత తుని, పాయకరావుపేట పరిసరాల్లో బంగాళాఖాతం తగులుతుంది. అయినా భారత నౌకాదళం తన జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రానికి ఎంచుకున్న చోటు వికారాబాద్ జిల్లాలోనే ఉంది (చూడండి: దామగుండం కేంద్రం).

చరిత్ర

ఉపగ్రహాలు రాకముందు తీరానికి దగ్గరగా తిరిగే పడవలకు కొండలు, గుడి గోపురాలు, దీపస్తంభాలే గుర్తులు. విశాఖ జాలర్లు కొండ శిఖరాలను ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా చూసుకుని ఒక గీత పట్టేవారు. మరో జత గుర్తులతో ఇంకో గీత పట్టి, రెండూ కలిసే చోట వల వేసేవారు. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు అలాంటి గుర్తులుగా పనికొచ్చాయి. రాత్రిపూట నక్షత్రాలు, లోతు చూడటానికి బరువు కట్టిన తాడు ఉండేవి. లోతును బారల్లో చెప్పడం ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేడియో పద్ధతులు వచ్చాయి. డెక్కా, లోరాన్ వ్యవస్థలు నేల మీది ప్రసార కేంద్రాల సంకేతాలు చేరే సమయంలోని తేడాలనో, తరంగాల మధ్య తేడాలనో కొలిచి స్థానం చెప్పేవి. ఒమెగా వ్యవస్థ 10 నుంచి 14 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే అతి తక్కువ పౌనఃపున్యంలో, ప్రపంచమంతటికీ ఎనిమిది కేంద్రాలతో నడిచింది. జీపీఎస్ వచ్చాక దాని అవసరం తీరిపోయి 1997 సెప్టెంబరు 30న మూతపడింది.

జీపీఎస్ పథకాన్ని అమెరికా రక్షణ శాఖ 1973లో చేపట్టింది. మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో కక్ష్యలోకి చేరింది. 1983లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ సేనలు కూల్చేశాక, ఈ వ్యవస్థను పౌరులకూ ఉచితంగా ఇస్తామని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1989లో మ్యాగెలాన్ సంస్థ చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత గార్మిన్ పరికరాలు వచ్చాయి. 1995లో వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. అప్పటికి పౌర సంకేతంలో కావాలని కలిపిన దోషం వల్ల స్థానం వంద మీటర్ల వరకు అటూఇటూ అయ్యేది. 2000 మే నెల మొదట్లో ఆ దోషాన్ని తీసేశారు. చిన్న పడవలకు ఈ పరికరం నిజంగా ఉపయోగపడటం మొదలైంది అప్పటి నుంచే అనవచ్చు. రేవు మొగలో వంద మీటర్ల తేడా అంటే నీటి కాలువకూ ఇసుక దిబ్బకూ ఉన్నంత తేడా.

భారతదేశం తన సొంత ప్రాంతీయ వ్యవస్థలో మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పంపింది. ఏడో ఉపగ్రహం 2016 ఏప్రిల్ 28న కక్ష్యకు చేరినప్పుడు దానికి నావిక్ అని పేరు పెట్టారు. దేశీయ రుబిడియం పరమాణు గడియారంతో, పౌర పరికరాలకు అనువైన ఎల్1 సంకేతంతో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం 2023 మే 29న వెళ్లింది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ వేరు. అది స్వతంత్రంగా స్థానం చెప్పదు. జీపీఎస్ లెక్కలోని దోషాలను భూస్థిర ఉపగ్రహాల ద్వారా సవరిస్తుంది.

పనిచేసే సూత్రం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున, ఆరు కక్ష్యా తలాల్లో, దాదాపు 12 గంటలకోసారి భూమిని చుట్టి వస్తాయి. కనీస సంఖ్య 24. ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్ని, తన పరమాణు గడియారం చూపే సమయాన్ని ప్రసారం చేస్తూ ఉంటుంది. పడవలోని పరికరం ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణించి దూరం కడుతుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడు తెలియని రాశులకు మూడు ఉపగ్రహాలు చాలాలి. పరికరంలోని గడియారం చవకది కాబట్టి దాని తప్పు నాలుగో తెలియని రాశి అవుతుంది. అందువల్ల నాలుగు ఉపగ్రహాలు కావాలి. సముద్రం మీద ఆకాశం అడ్డులేకుండా ఉంటుంది గనుక సాధారణంగా అంతకంటే ఎక్కువే దొరుకుతాయి, స్థానం కొన్ని మీటర్ల తేడాలో తెలుస్తుంది.

పరికరం స్థానాన్ని డబ్ల్యూజీఎస్-84 అనే భూనమూనా మీద చూపుతుంది. పాత భారతీయ పటాలు ఎవరెస్ట్ నమూనా మీద గీసినవి. అలాంటి పటంపై జీపీఎస్ అంకెలను నేరుగా గుర్తిస్తే వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు. భారత జలాల నౌకా పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపక కార్యాలయం ప్రచురిస్తుంది. ఏ పటం ఏ నమూనాలో ఉందో దాని మీదే రాసి ఉంటుంది.

పరికరాల రకాలు

చేతిలో పట్టే చిన్న పరికరం, తెర మీద అంకెలూ గీతలూ మాత్రమే చూపే బిగింపు పరికరం, నౌకా పటాన్ని చూపే చార్ట్‌ప్లాటర్, లోతునూ చేపల గుంపునూ కూడా చూపే ఫిష్‌ఫైండర్ కలగలుపు పరికరం అని స్థూలంగా నాలుగు రకాలు. మరబోట్ల వాళ్లు ఎక్కువగా కోరేది చివరి రకాన్ని. చేపను పసిగట్టే పరికరాన్ని 1948లో వాడుకలోకి తెచ్చిన జపాన్ సంస్థ ఫురునో, అమెరికా సంస్థ గార్మిన్ ఈ రంగంలో పేరున్నవి. పరికరం నుంచి ఆటోపైలట్‌కు, రాడార్‌కు సమాచారం వెళ్లడానికి ఎన్‌ఎంఈఏ 0183, ఎన్‌ఎంఈఏ 2000 అనే ప్రమాణాలున్నాయి.

మార్గాన్ని నమోదు చేయడం

మార్గంలోని ఒక్కో గుర్తు బిందువును వేపాయింట్ అంటారు. బోట్ల మీద దీన్ని పాయింట్ అనే పిలుస్తారు. పాయింట్లను వరుసగా కలిపితే రూట్ అవుతుంది. రెండు పాయింట్ల మధ్య ముక్క లెగ్. పడవ నిజంగా నడిచిన జాడను పరికరం దాచిపెడితే అది ట్రాక్. రూట్ అనుకున్నది, ట్రాక్ జరిగింది.

అంకెలు వేయడంలో జరిగే పొరపాటు మిగతా అన్నిటికంటే పెద్దది. ఉదాహరణకు వికారాబాద్ అక్షాంశం దశాంశాల్లో సుమారు 17.33 డిగ్రీలు. నౌకా పద్ధతిలో దాన్ని డిగ్రీలు, నిమిషాల్లో రాస్తే 17° 19.8′. దశాంశ సంఖ్యను చూసి 17° 33′ అని వేస్తే స్థానం 13.2 నిమిషాలు ఉత్తరానికి జరుగుతుంది. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. కాబట్టి తప్పు 24 కి.మీ. పరికరం దీన్ని తప్పని అనదు, దానికి రెండూ సరైన స్థానాలే. అందుకే పాయింట్ వేశాక, ఒక్కో లెగ్‌కు అది చూపే దూరాన్నీ దిశనూ కాగితపు పటం మీద కొలిచిన వాటితో సరిచూడటం పాత అలవాటు. ఈ అలవాటు ఇంకా పోకూడనిదే.

పాయింట్‌ను సరిగ్గా బోయా మీదనో, రేవు గోడ మీదనో పెట్టకూడదు. పరికరం అంత కచ్చితంగా ఉన్నందువల్లనే పడవ దాన్ని ఢీకొట్టే వీలుంది. కాస్త పక్కగా, లోతైన నీటిలో పెట్టాలి. రెండు పాయింట్లు క్షేమమైన చోట్లే ఉన్నా వాటి మధ్య గీత దిబ్బ మీదుగా పోతూ ఉండవచ్చు. ప్రతి లెగ్‌నూ పెద్ద స్కేలు పటం మీద ఆసాంతం చూసుకోవాలి.

దిశ, దూరం: ఒక లెక్క

తీరం చూడని పాఠకులకు తెలిసిన ఊళ్లతోనే ఈ లెక్క చేయవచ్చు. వికారాబాద్‌ను 17° 19.8′ ఉత్తరం, 77° 54.0′ తూర్పు అనీ, తాండూరును 17° 15.0′ ఉత్తరం, 77° 34.8′ తూర్పు అనీ తీసుకుందాం. అక్షాంశాల తేడా 4.8 నిమిషాలు. రేఖాంశాల తేడా 19.2 నిమిషాలు. భూమధ్యరేఖ నుంచి దూరమయ్యేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి దాన్ని అక్షాంశపు కొసైన్ 0.955తో గుణిస్తే 18.3 మైళ్లు. మొత్తం దూరం సుమారు 19 నాటికల్ మైళ్లు, అంటే 35 కి.మీ. ఉత్తరం నుంచి గడియారం ముళ్ల వరుసలో కొలిస్తే తాండూరు దిశ 255 డిగ్రీలు. ఆరు నాట్ల (గంటకు ఆరు నాటికల్ మైళ్ల) వేగంతో పోయే పడవకు ఇది మూడు గంటల పది నిమిషాల దూరం.

నావిగేటర్ ఈ లెక్కను సెకనుకోసారి కొత్తగా చేస్తుంది. ఈ రెండు ఊళ్ల మధ్య 1874లో నడక మొదలైన నిజాం కాలపు సికింద్రాబాద్-వాడి రైలుకు పట్టాలున్నాయి. డ్రైవర్ వేగం చూసుకుంటే చాలు. పడవకు పట్టాలు లేవు, తెర మీద గీత మాత్రమే ఉంది. ఇదే 19 మైళ్ల దూరంలో చుక్కాని అయిదు డిగ్రీలు పక్కకు పడితే చివరికి పడవ మూడు కిలోమీటర్ల అవతల తేలుతుంది.

గీత మీద ఉండటం

కొత్తవారు తికమకపడే మూడు దిశలున్నాయి. పడవ ముక్కు చూసే వైపు హెడింగ్, దీన్ని దిక్సూచి చెబుతుంది. పడవ నేల మీద నిజంగా కదులుతున్న వైపు కోర్స్ ఓవర్ గ్రౌండ్, దీన్ని జీపీఎస్ చెబుతుంది. పాయింట్ ఉన్న వైపు బేరింగ్. గాలి, ప్రవాహం లేకపోతే ఈ మూడూ ఒకటే. సముద్రంలో అలాంటి రోజు అరుదు. పడవ ఆగి ఉన్నప్పుడు జీపీఎస్ చూపే దిశకు అర్థం లేదు. దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా తెలుగు ప్రాంతాల్లో ఒక డిగ్రీ లోపే ఉండటం ఇక్కడివారికి కలిసొచ్చిన విషయం.

బేరింగ్ ఒక్కదాన్నే చూసి, ముక్కును ఎప్పుడూ పాయింట్ వైపే పెట్టి నడిపితే పడవ గమ్యం చేరుతుంది గానీ గీత మీద చేరదు. విశాఖ నుంచి నేరుగా తూర్పుకు 30 మైళ్లు పోవాలనుకుందాం. పడవ వేగం ఆరు నాట్లు, ప్రవాహం ఉత్తరానికి ఒక నాటు. ప్రవాహం పడవను ఉత్తరానికి నెట్టేకొద్దీ బేరింగ్ కొంచెం కొంచెంగా దక్షిణానికి తిరుగుతుంది. పడవ విల్లులా వంగిన దారిలో పోయి, చివర్లో ప్రవాహానికి ఎదురీది గమ్యం చేరుతుంది. నడి సముద్రంలో దీనివల్ల పోయేది డీజిల్ మాత్రమే. గోదావరి మొగల దగ్గర ఆ వంపు ఇసుక మేటల మీదుగా పోతే పడవే పోవచ్చు.

దీనికి విరుగుడు క్రాస్ ట్రాక్ ఎర్రర్, అంటే గీత నుంచి పడవకు ఉన్న అడ్డ దూరం. తెర మీద పడవ గీతకు ఎడమనో కుడినో ఎంత ఉందో, ఎటు తిప్పితే గీత మీదికి వస్తుందో ఇది చూపుతుంది. దారిని రోడ్డులా గీసి చూపే హైవే తెర కూడా ఈ అంకెకు బొమ్మ రూపమే. పై ఉదాహరణలో ముక్కును 90 డిగ్రీల మీద కాక దాదాపు 100 డిగ్రీల మీద పెడితే ప్రవాహం నెట్టేదీ ముక్కు లాగేదీ సరిపోయి పడవ గీత మీద సాగుతుంది. వేగం ఆరు నుంచి 5.9 నాట్లకు మాత్రమే తగ్గుతుంది. ఆ పది డిగ్రీల సవరణను పరికరం చెప్పదు. కోర్స్ ఓవర్ గ్రౌండ్ అంకె బేరింగ్ అంకెతో కలిసేదాకా చుక్కాని పట్టినవారు కొంచెం కొంచెంగా తిప్పి పట్టుకోవాలి. అడ్డ దూరం కాస్త పెరగగానే చుక్కానిని బలంగా తిప్పేవాడి ట్రాక్ పాము నడకలా కనిపిస్తుంది. అంకెను కాక అది పెరుగుతోందా తరుగుతోందా అన్నది చూడటం అనుభవం.

తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యంగా తీరం వెంట పైకి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతిగా కిందికి ప్రవహిస్తుంది. ఒక్కోసారి దాని వేగం ఒక నాటు దాటుతుంది. వేసవిలో కలిసొచ్చిన సవరణ తుపాను నెలల్లో తలకిందులవుతుంది.

పాయింట్ దగ్గరికి రాగానే పరికరం తర్వాతి లెగ్‌కు మారుతుంది. ఎంత దూరంలో మారాలో ముందే నిర్ణయించవచ్చు. లంగరు జారితే మోగే అలారం, మనిషి నీళ్లలో పడితే ఆ క్షణపు స్థానాన్ని పట్టి ఉంచే ఎంఓబీ మీట చాలా పరికరాల్లో ఉంటాయి. ప్రాణం కాపాడే మీట ఇదొక్కటే కాబట్టి, బోటు మీద ప్రతి కళాసీకీ అది ఎక్కడుందో తెలిసి ఉండాలి.

తెలుగు తీరంలో వాడకం

ఆంధ్రప్రదేశ్ తీరాన్ని చాలాకాలం 974 కి.మీ.గా లెక్కించారు. కొత్త కొలతల్లో అది 1,053 కి.మీ.కు చేరింది. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి రేవుల నుంచి మరబోట్లు రోజుల తరబడి వేటకు వెళతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేట నిషేధం.

ఈ పడవలకు పాయింట్లు అందించే సంస్థ హైదరాబాద్‌లో ఉంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిమి, నీటిలోని పచ్చదనం ఆధారంగా చేపలు దొరికే వీలున్న చోట్లను తెలుగుతో సహా తీర భాషల్లో ప్రకటిస్తుంది. ఒక్కో రేవు నుంచి దిశ, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలు అందులో ఉంటాయి. సెకన్లలో ఇచ్చిన అంకెను పరికరంలో వేసేటప్పుడు 60తో భాగించి నిమిషాల దశాంశంగా మార్చుకోవాలి. 30 సెకన్లంటే 0.5 నిమిషం, 0.30 కాదు. తీరం నుంచి ఫోన్ సిగ్నల్ అందని దూరంలో కూడా తుపాను హెచ్చరికలు చేరేలా గగన్ ఉపగ్రహాల ద్వారా పనిచేసే జెమిని పరికరాన్ని ఈ సంస్థ భాగస్వామ్యంతో తయారుచేసి 2019 అక్టోబరులో విడుదల చేశారు. అది సమాచారాన్ని తీసుకుంటుంది గానీ తిరిగి పంపలేదు. ఇరువైపులా సమాచారం నడిచే ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల పడవలకు అమర్చే 364 కోట్ల రూపాయల జాతీయ పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది.

సముద్ర సరిహద్దు నీటి మీద కనిపించని గీత. దాన్ని దాటితే ఎంత నష్టమో తెలుగువారికి తెలిపిన ఘటన గుజరాత్ తీరంలో జరిగింది. వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకు ఆధారం ఈ ఉదంతమే. గుజరాత్ తీరంలో పడవ నాయకుణ్ణి తండేల్ అంటారు. సరిహద్దు గీతను పరికరంలో నమోదు చేసి, దానికి కొన్ని మైళ్ల ఇవతలే అలారం మోగేలా పెట్టుకోవచ్చు. వల లాగుతున్న పడవ ప్రవాహానికి కొట్టుకుపోతుంది కాబట్టి ఆ కొన్ని మైళ్లు ఎక్కువే ఉండాలి.

పరిమితులు, ప్రమాదాలు

1995 జూన్‌లో బెర్ముడా నుంచి బోస్టన్‌కు పోతున్న రాయల్ మెజెస్టీ నౌక నాన్‌టకెట్ దగ్గర మేట ఎక్కింది. జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోగా, పరికరం పాత వేగం, పాత దిశలతో ఊహా స్థానాన్ని చూపుతూ పోయింది. తెర మూలన చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. ఒక రోజుకు పైగా ఎవరూ గమనించలేదు. నౌక తన దారికి సుమారు 17 మైళ్లు పక్కకు పోయింది.

సంకేతం చాలా బలహీనమైనది కాబట్టి దాన్ని అడ్డుకోవడం, దొంగ సంకేతంతో మోసగించడం తేలిక. 2017లో నల్ల సముద్రంలో పలు నౌకల పరికరాలు అవి విమానాశ్రయంలో ఉన్నట్టు చూపాయి. వారాల సంఖ్యను పది బిట్లలో దాచే పాత పరికరాలు 1,024 వారాలకోసారి, అంటే 1999 ఆగస్టులోనూ 2019 ఏప్రిల్‌లోనూ, తేదీలు తప్పాయి. ఇక వరదల తర్వాత గోదావరి మొగల్లో ఇసుక కదిలిపోతుంది. కిందటి ఏడాది ట్రాక్ ఈ ఏడాది కాలువ కాకపోవచ్చు. కళ్లతో, చెవులతో నిరంతరం కాపలా ఉండాలన్న 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాన్ని ఏ పరికరమూ రద్దు చేయదు.

వికారాబాద్ జలాలు

అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. తాండూరు పక్కన పారే కాగ్నా భీమా నదిలో కలుస్తుంది. రెండు దారులూ చివరికి కృష్ణకే. ఈ నదుల్లో పడవ ప్రయాణం నౌకాయానం అనదగింది కాదు. కయాకింగ్‌కు పేరుపడిన కోట్‌పల్లి జలాశయంలో ఒడ్డు ఎటు చూసినా కనబడుతుంది, నావిగేటర్ అవసరం లేదు. అయితే రూట్ వేయడం, అడ్డ దూరం చూసి నడపడం నేర్చుకోవడానికి ప్రవాహం లేని ఇలాంటి నీరు మంచిది. గాలి ఒక్కటే పడవను నెడుతుంది, దాని ప్రభావాన్ని విడిగా గమనించవచ్చు. లైఫ్ జాకెట్ మాత్రం ఇక్కడా తప్పనిసరి.

దామగుండం కేంద్రం

జీపీఎస్ సంకేతం 1,575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో వస్తుంది. ఉప్పునీటిలో అది ఏమాత్రం లోపలికి దిగదు. మునిగి ఉన్న జలాంతర్గామికి అందువల్ల ఈ పరికరం పనికిరాదు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య అతి తక్కువ పౌనఃపున్య తరంగాలు నీటిలో కొన్ని పదుల మీటర్ల వరకు దిగుతాయి. వాటి పొడవు 10 నుంచి 100 కి.మీ. కాబట్టి ప్రసారానికి చాలా పెద్ద యాంటెన్నాలు, విశాలమైన స్థలం కావాలి. ఒమెగా నౌకలకు దారి చెప్పింది ఈ తరంగాలతోనే, నేటి కేంద్రాలు వాటితో దారి చెప్పవు, ఆదేశాలు పంపుతాయి.

దేశంలో అలాంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర 1990లో మొదలైన ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్. రెండోదానికి వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దీనికి సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించారు. దేశ రక్షణకు అవసరమని ప్రభుత్వాలు సమర్థించగా, చెట్ల నరికివేత, మూసీ జన్మస్థాన ప్రాంతంపై ప్రభావం, అడవిలోని రామలింగేశ్వరస్వామి ఆలయానికి దారి గురించి స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరాలు లేవనెత్తారు. ఆలయానికి భక్తుల రాకపోకలు కొనసాగుతాయని ప్రభుత్వం హామీ ఇచ్చింది. నిర్మాణాన్ని 2027 నాటికి పూర్తి చేయాలన్నది ప్రకటించిన లక్ష్యం.